గ్రాంటు పద్దులో కోయ ఉపాధ్యాయుడు: కొత్తగూడెం – భద్రాచలం అటవీ ప్రాంత విద్యానిధుల చరిత్ర

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గిరిజన విద్యను గురించిన చర్చ చాలాసార్లు నిధుల కొరతతో మొదలై నిధుల కొరత దగ్గరే ఆగిపోతుంది. కొరత నిజమే. అయితే గత ఒకటిన్నర శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన దాదాపు ప్రతి ప్రభుత్వమూ వెనుకబడిన వర్గాల చదువుకు ఏదో ఒక ధనసహాయ విధానాన్ని ప్రకటించింది. ఆ విధానాలను వరుసగా చదివితే, మొత్తాల హెచ్చుతగ్గుల కంటే ముఖ్యమైన విషయం ఒకటి బయటపడుతుంది. ప్రభుత్వం దేనికి డబ్బు చెల్లిస్తానన్నదో గూడెంలో చివరకు అదే మిగిలింది. భవనానికి చెల్లించినప్పుడు భవనం లేచింది. వసతికి చెల్లించినప్పుడు వసతిగృహం వచ్చింది. గూడెం నుంచే వచ్చి, పిల్లల మాట తెలిసి, అక్కడే కాపురముండే ఉపాధ్యాయుడికి మాత్రం గ్రాంటు పద్దులో స్థిరమైన చోటు దొరకలేదు. దొరికిన రెండు మూడు సందర్భాలూ ఎక్కువ కాలం నిలవలేదు. ఈ వ్యాసం పరిశీలిస్తున్నది ఆ చోటు కథను.

రెండు గట్లు, రెండు పాలనలు

ఈ ప్రాంత చరిత్రను ఒకే జిల్లా చరిత్రగా రాయడం కుదరదు. గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతినుంచి బ్రిటిషు పాలనలోకి వెళ్లింది. కొంతకాలం మధ్య రాష్ట్రాల ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసింది. తరువాత తూర్పు గోదావరి జిల్లాలో భాగమై, 1959లో నూగూరు తాలూకాతో పాటు ఖమ్మం జిల్లాకు చేరింది. కుడి గట్టున ఉన్న పాల్వంచ, కొత్తగూడెం, ఇల్లెందు ప్రాంతాలు నిజాం రాజ్యపు వరంగల్ జిల్లాలో ఉండేవి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఈ రెండు గట్లనూ కలిపింది. అంతకు రెండేళ్ల ముందే, 2014 విభజన సందర్భంలో, చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. ఒకే కోయ సమాజపు పిల్లలు మద్రాసు నిబంధనల కింద కొందరు, హైదరాబాదు ఫర్మానాల కింద కొందరు చదువుకోవలసి వచ్చిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

ఫలితాన్ని బట్టి చెల్లింపు

భారతదేశంలో విద్యకు గ్రాంటు అనే ఆలోచన 1854 జులైలో వెలువడిన వుడ్స్ డిస్పాచ్‌తో విధానరూపం దాల్చింది. ప్రభుత్వం అన్ని బడులనూ తానే పెట్టలేదు కనుక, ఇతరులు పెట్టిన బడులకు షరతులతో ధనసహాయం చేయాలన్నది దాని సారాంశం. ఆ షరతుల రూపాన్ని ఒక్కో రాజధాని ఒక్కో విధంగా తీర్చుకుంది. మద్రాసులో రెండు పద్ధతులు ప్రధానంగా నిలిచాయి. ఒకటి ఉపాధ్యాయుడి జీతంలో కొంత భాగం ఇచ్చే పద్ధతి. రెండోది పరీక్షాధికారి వచ్చి పిల్లలను పరీక్షించి, ఉత్తీర్ణులైన వారి లెక్కన డబ్బు చెల్లించే పద్ధతి. పల్లెలలోని ప్రాథమిక పాఠశాలలకు ఎక్కువగా వర్తించింది ఈ రెండోదే.

మైదానంలోని వీథిబడి పంతులుకు ఈ పద్ధతి కొంత ఆసరా అయింది. అక్కడ బడి ముందే ఉంది. గ్రాంటు దానికి అదనపు ఆదాయం. మన్యంలో పరిస్థితి తలకిందులు. బడి లేదు, పెట్టాలంటే ముందుగా పెట్టుబడి కావాలి, గ్రాంటేమో ఫలితం వచ్చాక వస్తుంది. పోడు నరికే రోజుల్లో, ఇప్పపువ్వు ఏరే రోజుల్లో పిల్లలు తల్లిదండ్రుల వెంట అడవిలో ఉంటారు. పరీక్ష జరిగేది వారికి ఇంట వినని తెలుగులో. అలాంటి చోట ఫలితాన్ని బట్టి చెల్లింపు అంటే, ఎక్కువ కష్టమున్న చోట తక్కువ డబ్బు అని అర్థం. ఈ పద్ధతిలోని దోషాలను 1904 నాటి భారత ప్రభుత్వ విద్యావిధాన తీర్మానం అంగీకరించి, దాన్ని మానుకోవాలని సూచించింది. కానీ అప్పటికి ఒక తరం గడిచిపోయింది.

భద్రాచలం వైపు ఆ కాలంలో బడి పని పూనుకున్నది చర్చి మిషనరీ సొసైటీ. గోదావరిలో పడవల రాకపోకలకు వీలుగా దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట పనులు చేయించిన ఇంజనీరు హేగ్ చొరవతో 1860ల ఆరంభంలో అక్కడ కోయ మిషన్ మొదలైంది. తరువాత వచ్చిన రెవరెండ్ జాన్ కెయిన్ చాలా ఏళ్లు అక్కడే ఉండి, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వరుస వ్యాసాలు రాశాడు. మిషన్ లక్ష్యం మతప్రచారమే. ఆ సంగతి దాచవలసిన అవసరం లేదు. అయితే కోయ భాషను నేర్చుకోకుండా కోయ పిల్లలకు చదువు చెప్పలేమన్న గ్రహింపు ఈ గట్టున మొదట కనిపించేది ఆ వర్గంలోనే. ఆ గ్రహింపుకు ప్రభుత్వ గ్రాంటు నిబంధనలలో విలువ కట్టే గడి లేదు.

1882 సిఫారసులు

ఈ లోపాన్ని అధికారికంగా చూసిన తొలి సంస్థ 1882లో నియమితమైన హంటర్ కమిషన్. ఆదివాసులకు సంబంధించి అది చేసిన సిఫారసులు క్లుప్తమైనవి. ఆదివాసీ పిల్లలకు అవసరమైన చోట జీతం కట్టే బాధ్యత నుంచి మినహాయింపు ఇవ్వాలి. సాధారణ బడులలో వారిని చదివిస్తే ఫలితాధార గ్రాంటులో అదనపు మొత్తం చెల్లించాలి. ఆదివాసులలో తగినంత చదువుకున్నవారు ఉంటే వారిని తమ జనం మధ్యనే ఉపాధ్యాయులుగా నిలబెట్టడానికి ప్రయత్నించాలి. ఈ పని చేపట్టే సంస్థలకు, మతబోధలో జోక్యం చేసుకోకుండా, ఉదారంగా సహాయం చేయాలి.

భాష విషయంలో కమిషన్ ఇంత స్పష్టంగా లేదు. తెగ భాష లిపిబద్ధం కాకపోతే, లేదా మరే కారణం చేతనైనా అనువు కాకపోతే, ఇరుగుపొరుగు జనం భాషలోనే బోధించాలంది. కోయల విషయంలో ఆ పొరుగు భాష తెలుగు. ఈ మినహాయింపు ఎంత కాలం పనిచేసిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. స్టీఫెన్ టైలర్ కోయ గొమ్ము మాండలిక వ్యాకరణాన్ని 1969లో ప్రచురించాడు. బడి పిల్లల చేతికి ప్రభుత్వం అచ్చువేసిన కోయ వాచకం వచ్చింది మాత్రం 21వ శతాబ్దంలో. భాష లిపిబద్ధం కాలేదన్న కారణం తొలగిపోయిన తరువాత కూడా దాని ఫలితం దశాబ్దాల పాటు కొనసాగింది.

సిఫారసుల సారాన్ని రెండుగా విడదీయవచ్చు. జీతం మినహాయింపు, అదనపు గ్రాంటు అనేవి ఉన్న పద్దులో అంకెలు మార్చితే సరిపోయేవి. స్థానిక ఉపాధ్యాయుడు అనేది కొత్త పద్దు కోరేది. అతన్ని తయారుచేయడానికి ముందు కొన్నేళ్ల పాటు ఖర్చు చేయాలి, ఆ కాలంలో చూపించడానికి ఫలితమేమీ ఉండదు. ఏది కాగితం మీద మిగిలిపోయిందో ఊహించడం కష్టం కాదు.

మార్లవాయి నమూనా

ఆ కొత్త పద్దును తెరిచింది బ్రిటిషు పాలన కాదు, నిజాం ప్రభుత్వం. అదీ భయం వల్ల. 1940లో ఆదిలాబాదు అడవుల్లో కొమురం భీం తిరుగుబాటు, జోడెఘాట్‌లో ఆయన మరణం హైదరాబాదు పాలకులను కదిలించాయి. చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య క్షేత్రపరిశోధన చేస్తూ ఉన్న ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ప్రభుత్వం గిరిజన సమస్యల మీద నివేదికలు కోరింది. వాటిలో నాలుగు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో గ్రంథంగా వచ్చాయి. అంతకుముందే, 1943లో, మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. బస్తరు మరియా గోండుల మీద గ్రంథం రాసిన గ్రిగ్సన్ అప్పటి నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ సభ్యుడిగా ఉండడం, సేతుమాధవరావు పగ్డీ వంటి అధికారి క్షేత్రంలో పనిచేయడం ఈ పథకానికి కలిసి వచ్చాయి.

ఈ పథకంలో ఖర్చు వరుస ఆసక్తికరమైనది. ముందు భవనం కాదు, ముందు ఉపాధ్యాయుడు. అక్షరం కొద్దిగా తెలిసిన గోండు యువకులను వెదికి, భృతి ఇచ్చి, వారి ఊరి వాతావరణంలోనే శిక్షణ ఇచ్చి, తిరిగి గోండు గూడేలకు పంపారు. వారికోసం దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. బడి గుడిసెను ఊరివారే వేసుకునేవారు. శిక్షణ పొందినవారిలో కొందరు గ్రామస్థాయి ఉద్యోగాలకు కూడా వెళ్లారు. చదువు వల్ల కలిగే లాభం ఊరికి కళ్లెదుట కనిపించింది.

ఇదే తరహా పథకాన్ని తరువాత వరంగల్ జిల్లా కోయలకు విస్తరించారు. నేటి కొత్తగూడెం పరిసరాలు అప్పటి వరంగల్ జిల్లాలోనివే కనుక, ఈ ప్రాంత చరిత్రలో కోయ ఉపాధ్యాయుడి తయారీకే ప్రభుత్వ సొమ్ము కేటాయించిన తొలి సందర్భంగా దీన్ని పరిగణించవచ్చు. గోదావరి ఆవలి గట్టున, మద్రాసు పాలనలో, భద్రాచలం పాక్షిక వినాయింపు ప్రాంతంగా గవర్నరు ప్రత్యేకాధికారం కింద ఉన్నప్పటికీ, దీనికి సమానమైన ప్రయత్నం కనిపించదు. నిరంకుశ సంస్థానం చేయగలిగిన పనిని చట్టసభలున్న రాజధాని చేయలేకపోయిందన్నది చేదు వాస్తవం. సంస్థానం మీది మెచ్చుకోలుగా దీన్ని చదవనక్కరలేదు. తిరుగుబాటు జరిగిన చోట మాత్రమే ఖజానా తలుపు తెరుచుకుందన్నదే ఇందులోని అసలు సంగతి.

1948 తరువాతి రాజకీయ పరిణామాలలో పథకం సహజంగానే బలహీనపడింది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడ్డాక బోధనభాషగా గోండీకి చోటు లేకపోయింది. 1970ల చివర మళ్లీ వచ్చిన హైమెన్‌డార్ఫ్, 1982లో వెలువడిన తన గ్రంథంలో ఈ వెనకడుగును నమోదు చేశాడు.

డబ్బున్న అధికరణం, భాషున్న అధికరణం

రాజ్యాంగం ఈ కథను పూర్తిగా కొత్త పునాది మీదికి తెచ్చింది. 275(1) అధికరణపు మొదటి మినహాయింపు ప్రకారం, షెడ్యూల్డు తెగల సంక్షేమానికి, షెడ్యూల్డు ప్రాంతాల పాలనా స్థాయిని పెంచడానికి కేంద్రం ఆమోదించిన పథకాల ఖర్చును కేంద్ర సంచిత నిధి నుంచి రాష్ట్రాలకు గ్రాంటుగా ఇవ్వాలి. ఇది దయ కాదు, బాధ్యత. వుడ్స్ డిస్పాచ్ నాటి షరతుల సహాయానికీ దీనికీ ఉన్న తేడా ఇదే. మరోవైపు, 1956లో ఏడవ సవరణ ద్వారా వచ్చిన 350ఏ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాష్ట్రాలను కోరింది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే చిక్కు తెలుస్తుంది. మొదటిదానిలో డబ్బు ఉంది, భాష ప్రస్తావన లేదు. రెండోదానిలో భాష ఉంది, డబ్బు లేదు. కోయ ఉపాధ్యాయుడు ఈ రెంటి మధ్య సందులో పడిపోయాడు. 275 కింద వెళ్లే ప్రతిపాదనలు ‘పథకాలు’గా ఉండాలి, పథకానికి మొదలూ తుదీ, కొలిచే ఆస్తీ కావాలి. ఆశ్రమ పాఠశాల భవనం, వసతిగృహం, ప్రహరీ వంటివి ఆ చట్రంలో చక్కగా ఇమిడిపోతాయి. ముప్ఫై ఏళ్ల పాటు ఒక గూడెంలో జీతం తీసుకునే మనిషి ఇమడడు.

ఐదవ ప్రణాళికలో, 1974 నుంచి, గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. దాని అమలుకు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు ఏర్పడ్డాయి. ఖమ్మం జిల్లాకు సంబంధించిన సంస్థ పాల్వంచలో ఉండి తరువాత భద్రాచలం చేరింది. ఆశ్రమ పాఠశాలలు, వసతిగృహాలు పెరిగాయి. వాటివల్ల మొదటి తరం చదువరులు వచ్చారు. ఈ మేలును తక్కువ చేసి చూపడం న్యాయం కాదు. భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన ఉద్యోగులలో ఆశ్రమ పాఠశాల మెట్టు ఎక్కని వారిని వెదకడమే కష్టం.

అయినా అంకెలు ఒక మాట చెబుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 1961లో 4.41 శాతం, 1971లో 5.34 శాతం, 1981లో 7.82 శాతం. అంటే రెండు దశాబ్దాల ప్రణాళికా వ్యయం తరువాత పెరుగుదల మూడున్నర శాతం దాటలేదు. అదే కాలంలో రాష్ట్ర సగటు 21.19 నుంచి 29.94కు చేరింది. అసలు వేగం 1991 తరువాత వచ్చింది: ఆ ఏడు 17.16, 2001లో 37.04, 2011లో 49.2. 1991 నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను లెక్కలోంచి తప్పించారు కనుక ముందరి అంకెలతో నేరుగా పోల్చరాదు. 1991కీ 2001కీ మధ్య పెరుగుదల మాత్రం ఒకే కొలమానంలో కనిపించేదే. ఆ దశాబ్దానికి ముందు గిరిజన ప్రాంతాలలో జరిగిన మార్పు ఏమిటన్నది చరిత్రకారులు అడగవలసిన ప్రశ్న.

1986 నుంచి 2020 వరకు

అనేక కారణాలలో ఒకటి ఇది. 1980ల ద్వితీయార్ధంలో గిరిజన సంక్షేమ శాఖ గూడేలలో గిరిజన విద్యా వికాస కేంద్రాల పేరుతో ఏకోపాధ్యాయ పాఠశాలలు తెరిచింది. బడిని పిల్లవాడి దగ్గరికి తీసుకుపోవడం వాటి ఉద్దేశం. దీనికి తోడుగా 1986 నవంబరు 5న జి.ఓ. 275 వెలువడింది. రాజ్యాంగం ఐదవ షెడ్యూలులోని 5(1) పేరా కింద గవర్నరు అధికారంతో, షెడ్యూల్డు ప్రాంతాలలోని ఉపాధ్యాయ పోస్టులను స్థానిక గిరిజనులకే కేటాయించింది. గ్రాంటు అధికరణం సంఖ్యా 275, ఈ జి.ఓ. సంఖ్యా 275 కావడం యాదృచ్ఛికం. కానీ అధికరణం తెరవని పద్దును ఈ జి.ఓ. తెరిచింది. హంటర్ కమిషన్ చెప్పి నూరేళ్లు దాటాక, స్థానిక ఉపాధ్యాయుడి జీతం మామూలు ప్రభుత్వ జీతాల లెక్కలోకి వచ్చింది.

దాన్ని ట్రైబ్యునల్ కొట్టివేసింది. ప్రభుత్వం 2000 జనవరి 10న జి.ఓ. 3 తెచ్చింది: షెడ్యూల్డు ప్రాంత పాఠశాలల ఉపాధ్యాయ పోస్టులలో నూటికి నూరు స్థానిక షెడ్యూల్డు తెగల వారికి, అందులో మూడోవంతు మహిళలకు. గిరిజనేతర ఉపాధ్యాయులు బడికి సరిగా రావడం లేదన్నది ప్రభుత్వం చెప్పిన ప్రధాన కారణం. ట్రైబ్యునల్ దీన్నీ కొట్టివేసినా, హైకోర్టు 2001లో మెజారిటీ తీర్పుతో నిలబెట్టింది.

ఈ ఉత్తర్వులో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. 1950 జనవరి 26 నుంచి షెడ్యూల్డు ప్రాంతంలో నివాసమున్న కుటుంబపు బిడ్డ అయితే చాలు. కోయ రావాలన్న నియమం లేదు. కుడి గట్టున పాల్వంచ, కొత్తగూడెం పరిసరాలలో చాలా కోయ కుటుంబాల ఇంటి మాట ఇప్పటికే తెలుగు. లంబాడాలు తెలంగాణలో 1976 సవరణ చట్టం తరువాత షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందారు. వారి భాష వేరు. చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గూడేలలో పిల్లల మాట కోయ. ఈ ముగ్గురినీ ‘స్థానిక గిరిజన’ అన్న ఒకే మాట కింద లెక్కించడంతో, చర్ల బడికి కోయ రాని స్థానిక ఉపాధ్యాయుడు రావడానికి తలుపు తెరిచే ఉంది.

భాషను లెక్కలోకి తీసుకున్న ప్రయత్నం విడిగా, వేరే నిధులతో నడిచింది. 2004లో ఉమ్మడి రాష్ట్రం కోయ, గోండీ, కొలామీ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, లంబాడా భాషలలో, తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసి 240 పాఠశాలల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. ఇది ప్రాజెక్టు. ప్రాజెక్టుకు ఏటా ఆమోదం కావాలి. వాచకం ఉన్న చోటికి కోయ తెలిసిన ఉపాధ్యాయుడు పోవాలంటే నియామక ఉత్తర్వూ వాచక ప్రాజెక్టూ ఒకదానినొకటి ఎరిగి ఉండాలి. అవి వేర్వేరు శాఖల ఫైళ్లలో సాగాయి.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో జి.ఓ. 3ను కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషను సమానత్వ సూత్రానికి విరుద్ధమనీ, 5(1) పేరా గవర్నరుకు అంతటి అధికారం ఇవ్వదనీ చెప్పింది. గిరిజనులకు గిరిజనులే బోధించాలన్న భావననే ధర్మాసనం గట్టిగా ఆక్షేపించింది. రాజ్యాంగ తర్కంగా దీన్ని సమర్థించేవారున్నారు. విద్యాచరిత్ర వైపు నుంచి చూస్తే, కోర్టు ముందున్న ప్రశ్న ఉద్యోగార్థి హక్కుగా మాత్రమే రూపుదిద్దుకుంది. బడిలోని పిల్లవాడి భాష ప్రశ్నగా కాలేదు. అలా కాకపోవడానికి కారణం ఉత్తర్వు రాసిన తీరే. భాషా అర్హత ఆధారంగా రాసి ఉంటే వాదన మరో దారిలో నడిచేది.

బొగ్గు సొమ్ము

కొత్తగూడెానికి ఇతర ఏజెన్సీలకు లేని వనరు ఒకటుంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది; దాని ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలోనే ఉంది. కంపెనీ విద్యాసంఘం నడిపే బడులు కార్మిక కుటుంబాల పిల్లలకు ఎంతో మేలు చేశాయి. బొగ్గు బయటికొచ్చిన అడవి గూడేలకు ఆ ఫలం చేరే దారి మాత్రం చట్టంలో 2015 దాకా లేదు. ఆ ఏడు గనుల చట్ట సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. 2015 జనవరి 12కు ముందరి లీజులపై రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం జిల్లా నిధికి చెల్లించాలి. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి ప్రాధాన్య రంగాలకు వెచ్చించాలని కేంద్ర మార్గదర్శకాలు నిర్దేశించాయి.

నిధి కొత్తది, ఖర్చు వరుస పాతది. రాష్ట్రం 2022లో ప్రారంభించిన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమం దీనికి స్పష్టమైన ఉదాహరణ. 26,065 పాఠశాలలకు మూడేళ్లలో 7,289 కోట్ల రూపాయలు. పనుల జాబితాలో పన్నెండు అంశాలు: మరుగుదొడ్లు, విద్యుత్తు, తాగునీరు, బల్లలు, రంగులు, మరమ్మతులు, పలకలు, ప్రహరీలు, వంటశాలలు, గదులు, భోజనశాలలు, డిజిటల్ సామగ్రి. వీటిలో అక్కరలేనిది ఒక్కటీ లేదు. కారే కప్పు కింద ఏ భాషలోనూ చదువు సాగదు. కానీ పదమూడో అంశంగా కూడా ఉపాధ్యాయుడు లేడు.

275(1) గ్రాంటుతో 1997–98లో మొదలైన ఏకలవ్య ఆదర్శ గురుకులాలు ఇప్పుడు కేంద్ర సంస్థ చేతిలోకి వెళ్లాయి. సగానికి పైగా గిరిజన జనాభా, కనీసం 20 వేల మంది గిరిజనులు ఉన్న ప్రతి బ్లాకుకూ ఒక పాఠశాల అన్నది 2018 నాటి నిర్ణయం. 2023 కేంద్ర బడ్జెట్టు 740 పాఠశాలలకు 38,800 మంది ఉపాధ్యాయులను, సిబ్బందిని నియమిస్తామని ప్రకటించింది. ఇంత పెద్ద సంఖ్యలో మనుషుల కోసం గిరిజన విద్యానిధి పద్దు తెరుచుకోవడం అరుదైన విషయం. అయితే ఎంపిక దేశమంతటికీ ఒకే పరీక్షతో జరిగింది. కోయ తెలిసి ఉండటం అందులో అర్హత కాదు.

జి.ఓ. 3 కింద అప్పటికే చేరిన ఉపాధ్యాయుల నియామకాలను మాత్రం 2020 తీర్పు, ఇలాంటి రిజర్వేషను మళ్లీ తేకూడదన్న షరతుతో, రద్దు చేయలేదు. వారు పదవీ విరమణ దాకా కొనసాగుతారు. ఒక్కొక్కరుగా విరమించినప్పుడు ఖాళీ అయ్యే పోస్టు సాధారణ నిబంధనల కిందికి వస్తుంది.